కథానాయకుడి చేతిలో ఉన్న పుస్తకం

2016 జూలైలో 'కబాలి' వచ్చినప్పుడు మేం హాస్టల్ నుంచి పదిమందిమి కలిసి పోయి చూశాం. రజనీకాంత్ మొదట కనబడేది జైల్లో, పుస్తకం చదువుకుంటూ. థియేటరంతా ఈలలు, ఎగిరే కాగితం ముక్కలు. ఆ గోలలో మాలో ఒకడు లేచి నిలబడి "ఒరే, అది బాలయ్య పుస్తకంరా!" అని అరిచాడు. ముందు వరసవాళ్ళు వాణ్ణి కూచోమని తిట్టారు. వాళ్ళకది హీరో చేతిలోని ఏదో ఒక పుస్తకం. మాకు మాత్రం వై.బి. సత్యనారాయణ గారి 'మై ఫాదర్ బాలయ్య'. తెలంగాణలో ఒక మాదిగ కుటుంబం ఊరి వెట్టిని వదిలిపెట్టి, రైల్వేలో చిన్న కొలువు పట్టుకుని, ఆ కొలువుతోనే పిల్లల్ని చదివించుకున్న మూడు తరాల కథ. తెలుగు నేల మీద పుట్టిన ఆ కథ తెలుగు హీరో చేతికి రాలేదు. తమిళ సూపర్ స్టార్ చేతికి పోయింది.

ఇది ఒక్కసారి జరిగింది గూడా కాదు. 2014 నాటి 'మద్రాస్' సినిమాలో కథానాయకుడు కాళి చేతిలో 'తీండాద వసంతం' కనబడుతుంది. అది జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' నవలకు తమిళ అనువాదం. ఆ రెండు సినిమాలూ తీసినవాడు ఒకడే, పా. రంజిత్. ఆ దర్శకుడి బతుకు గురించీ, తీసిన సినిమాల గురించీ, అంతకన్నా ఎక్కువగా నిర్మాతగా చేసిన పని గురించీ ఇక్కడ మాట్లాడదల్చుకున్నాం. పొగడ్తలు తమిళంలోనే చాలా వచ్చాయి, తిట్లు అంతకన్నా ఎక్కువొచ్చాయి. మాకు కావలసింది వేరు. గోడ మీద అంబేడ్కర్ బొమ్మ పెట్టడం, చేతిలో పుస్తకం పెట్టడం వల్ల సినిమా మారుతుందా? మారితే ఎక్కడ మారుతుంది? ఇదీ మా ప్రశ్న.

రంజిత్ 1982లో పుట్టాడు. ఊరు ఆవడి దగ్గర కార్లపాక్కం. నగరం అంచున ఉండి, నగరానికి కూలీలను పంపే ఊళ్ళలో ఒకటి. చెన్నైలోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదివాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అతను సినిమాలోకి కథ చెప్పేవాడిగా కన్నా బొమ్మ వేసేవాడిగా వచ్చాడు. రంగు ఎక్కడ పడాలి, గోడ ఎవరిది, ఫ్రేములో ఎవరు ముందు నిలబడతారు అనే లెక్క అతనికి అక్కడ అబ్బిందే. తర్వాత వెంకట్ ప్రభు దగ్గర సహాయకుడిగా పనిచేశాడు. 2012లో 'అట్టకత్తి'తో దర్శకుడయ్యాడు. అందులో పెద్ద గొడవలేవీ లేవు. నగరం పక్క వాడలో ఒక కుర్రాడు వరసగా ప్రేమలో పడి వరసగా ఓడిపోవడమే కథ. కాని ఆ వాడ ఇళ్ళు, బస్సులో కుర్రాళ్ళ అల్లరి, చావు దగ్గర పాడే గానా పాట, ఇవేవీ ఎవరి దయా అడగవు. దళితవాడ నవ్వుకోవడం తెరమీద చూడ్డం ఎంత కొత్తో, అప్పటిదాకా ఏం చూశామో తలచుకుంటే గాని తెలీదు.

ఏం చూశామంటే, 1938లోనే మనకు 'మాలపిల్ల' ఉంది. గూడవల్లి రామబ్రహ్మం తీసిన ఆ సినిమాకు ఆ కాలానికి తెగువ ఉందని ఒప్పుకుంటాం. కాని అందులో సవర్ణుల గుండె కరగాలంటే దళితులు మంటల్లోకి దూకి వాళ్ళను కాపాడాలి. మంచితనం రుజువు చేసుకున్నాకే మనిషి హోదా. ఇక తమిళంలో 1991లో 'చిన్న గౌండర్', 1992లో 'తేవర్ మగన్' వచ్చాయి. పెత్తందారీ కులం పేరే సినిమా పేరు, ఆ పెత్తందారే ఊరికి తండ్రి. ఆ ఊళ్ళో వాడ ఎక్కడుందో కెమెరాకు తెలీదు. మనకు గూడా రెడ్డి, నాయుడు తోకలు తగిలించుకున్న హీరోలు తక్కువేం కాదు. అక్కడ కనీసం ఈ సంగతి మీద ముఖాముఖి మాటైనా నడిచింది. 2023 జూన్‌లో 'మామన్నన్' పాటల వేడుకలో మారి సెల్వరాజ్ కమల్ హాసన్ ఎదుటే 'తేవర్ మగన్' తనను ఎంత కలవరపెట్టిందో చెప్పాడు. మన దగ్గర అలాంటి మాట ఏ వేదిక మీదా మేం వినలేదు.

'మద్రాస్' దగ్గరికి వద్దాం. ఉత్తర చెన్నై వ్యాసర్పాడి, హౌసింగ్ బోర్డు క్వార్టర్లు. ఆ క్వార్టర్ల మధ్య ఒక పెద్ద గోడ. దాని మీద చచ్చిపోయిన ఒక నాయకుడి బొమ్మ. ఆ గోడ కోసం రెండు రాజకీయ ముఠాలు కొట్టుకుంటాయి, రెండు వైపులా చచ్చేది వాడ కుర్రాళ్ళే. అన్బు అనే కుర్రాడికి వాడను బాగుచేయాలనే తపన ఉంది. అతణ్ణి చంపేస్తారు. అతని స్నేహితుడు కాళి ఐ.టి. కంపెనీలో చేస్తాడు, చదువుకున్నవాడు, కాని ఇల్లు ఆ క్వార్టర్లలోనే. చివరికి కాళి ఆ గోడ మీది బొమ్మకు రంగు కొడతాడు. పిల్లలకు చదువు చెబుతాడు. గోడ మీదికి చదువు బొమ్మలు వస్తాయి.

మా వాడలో గూడా ఒక గోడ ఉంది. రామాలయం వీధి మలుపులో, వాడకు తిరిగేచోట. ఎన్నికలొచ్చినప్పుడల్లా దాని మీద పార్టీ గుర్తు మారుతుంది. సున్నం మా వాళ్ళే కొడతారు, గుర్తు మా వాళ్ళే వేస్తారు, కూలి మాత్రం పార్టీవాడు ఇస్తాడు. కాబట్టి ఆ సినిమాలో గోడ ఎందుకు అంత పెద్దదో మాకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. సమీక్షకులు కొందరు "గోడకు ఇంత గొడవేంది" అన్నారు. గోడ లేనివాడికి గొడవ అర్థమవుతుంది, గోడలన్నీ తనవే అయినవాడికి కాదు.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. 'మద్రాస్'లో కాళి కులం పేరు నోటితో పలకరు. నీలం రంగు ఉంటుంది, అంబేడ్కర్ ఫొటో ఉంటుంది, పుస్తకం ఉంటుంది. తెలిసినవాడికి తెలుస్తుంది, తెలియనివాడు ఉత్తర చెన్నై యాక్షన్ సినిమా చూసి ఇంటికెళతాడు. సెన్సారును, మార్కెట్టును, హీరో అభిమానులను దాటుకుని పోవడానికి ఇది ఉపాయమే. మా హాస్టల్ కుర్రాడు అరిచినప్పుడు ఆ ఉపాయం పనిచేసింది. కాని ముందు వరసవాడు తిట్టాడు చూడండి, అక్కడ పనిచేయలేదు. గుర్తులతో మాట్లాడే సినిమా మనవాళ్ళకు ధైర్యమిస్తుంది, ఎదుటివాణ్ణి మాత్రం నిద్ర లేపదు. రంజిత్ మొదటి దశలో ఈ పరిమితి ఉందనే మా అభిప్రాయం.

రజనీకాంత్‌తో తీసిన రెండు సినిమాల్లో ఈ చిక్కు ఇంకా పెద్దదైంది. 'కబాలి' మలేషియా తోటల్లోకి కూలికి పోయిన తమిళుల కథ. అందులో కోటు గురించిన మాటలున్నాయి. గాంధీ చొక్కా విప్పడంలోనూ అంబేడ్కర్ కోటు వేయడంలోనూ రాజకీయం ఉందనే అర్థంలో. ఆ మాట థియేటర్లో మోగినప్పుడు మాకు వెన్ను నిటారైంది, అబద్ధమెందుకు. కాని కథ పోయిపోయి గ్యాంగుల కాల్పుల్లో పడింది. స్టారుకు ఇవ్వాల్సిన కప్పం అది. 2018లో వచ్చిన 'కాలా' దీనికన్నా చాలా గట్టిది. ముంబై ధారావిలో భూమి కోసం పోరాటం. లాక్కోవడానికొచ్చే కంపెనీ పేరు మను రియల్టీ. కాలా జీపు నంబరులో బి.ఆర్. అనీ 1956 అనీ ఉంటుంది. విలన్ ఇంట్లో రామకథ వినబడుతుంటే కాలా బల్ల మీద పులవర్ కుళందై 'రావణ కావియం' ఉంటుంది. తెల్లబట్టలు, తెల్ల ఇల్లు, శుభ్రత పేరుతో వచ్చే విలన్‌ను నానా పాటేకర్ చేశాడు. శుభ్రం అనే మాట వెనక ఎంత కులముందో అంత సూటిగా చూపించిన వాణిజ్య సినిమా మాకు మరొకటి తెలీదు.

కాని సినిమా వచ్చేముందు ఏం జరిగింది? 2018 మే 22న తూత్తుకుడిలో స్టెరిలైట్ ఫ్యాక్టరీకి ఎదురు నిలబడిన జనం మీద పోలీసు కాల్పుల్లో 13 మంది చచ్చిపోయారు. పరామర్శకు పోయిన రజనీకాంత్, అన్నిటికీ ఇలా పోరాటాలంటే తమిళనాడు శ్మశానమవుతుందన్నాడు. వారం తిరిగేసరికి జూన్ 7న అదే మనిషి తెరమీద, జనం పోరాటమే తప్ప దిక్కులేదని చెప్పే నాయకుడు. మాట రంజిత్‌ది, ఒళ్ళు రజనీది. ఒళ్ళు థియేటరు బయటికొచ్చి వేరే మాట మాట్లాడితే సినిమా మాటకు విలువెంత? ఇది ఒక్క రంజిత్ తప్పని మేం అనం. కాని అరువు తెచ్చుకున్న గొంతుతో ఎంత దూరం పోగలమనే ప్రశ్నకు ఇంతకన్నా కళ్ళకు కట్టే సాక్ష్యం దొరకదు.

దీనికి జవాబు రంజిత్ నిర్మాతగా చేసిన పనిలో దొరుకుతుందని మా నమ్మకం. 'కాలా' వచ్చిన ఏడాదే, సెప్టెంబరులో, అతని నీలం ప్రొడక్షన్స్ 'పరియేరుం పెరుమాళ్' తెచ్చింది. దర్శకుడు మారి సెల్వరాజ్, అదే అతని మొదటి సినిమా. స్టారు లేడు. తిరునెల్వేలి ప్రాంతం, లా కాలేజీ. ఊరినుంచి వచ్చిన పరియన్‌కు ఇంగ్లీషు రాదు. క్లాసులో పాఠం చెవిలో పడుతుంది, అర్థం కాదు. రాసుకోమంటే పెన్ను కదలదు. సాయం చేసిన అమ్మాయి పై కులం పిల్ల. దాంతో అతని మీద మూత్రం పోస్తారు, కొడతారు, చంపబోతారు. అతను పెంచుకున్న కుక్క కరుప్పిని మొదట్లోనే రైలు పట్టాల మీద కట్టేసి చంపారు. జానపద కళలో ఆడవేషం కట్టే తండ్రిని కాలేజీకి తెచ్చుకుంటే, ఆ ముసలాయన పంచె లాగి రోడ్డు మీద పరిగెత్తిస్తారు.

ఆ సినిమా మేం రెండోసారి చూడలేకపోయాం. మొదటిసారి క్లాసు గది దగ్గరే ఆగిపోయాం. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. పి.జి.లో మొదటి సెమిస్టర్ సెమినార్‌లో పేపర్ చదవమన్నారు. రాత్రంతా డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషులో రాసుకుపోయాం. చదవడం మొదలెట్టిన రెండు నిమిషాలకు ఒక మాట పలకడం తప్పింది, వెనక బెంచీలో నవ్వు. మాస్టారు ఆ నవ్వును ఆపలేదు, "కోటాలో వస్తే ఇంతే" అన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాడు. పరియన్ ఆన్సర్ షీటు ముందు కూచున్నప్పుడు మాకు ఆ కిటికీ కనబడింది. ఇది దయతో తీసే దృశ్యం కాదు. ఎక్కడ కెమెరా పెట్టాలో అక్కడ కూచుని వచ్చినవాడికే తెలుస్తుంది. ఆ సినిమా చివర్లో బల్ల మీద రెండు టీ గ్లాసులు మిగులుతాయి, మధ్యలో ఒక మల్లెపువ్వు. అమ్మాయి తండ్రి చూద్దామంటాడు, పరియన్ నిలదీయాల్సింది నిలదీసి లేస్తాడు. రాజీ కుదిరిందని సినిమా చెప్పదు, రెండు గ్లాసులు ఒకేలా లేవని మాత్రం చూపిస్తుంది.

'కాలా' వేరేవాళ్ళ డబ్బుతో, వేరేవాళ్ళ స్టారుతో తీసింది. 'పరియేరుం పెరుమాళ్' మనవాడి కంపెనీలో మనవాడు తీసింది. తేడా అక్కడుంది. ఏ కథ తీయాలి, చివర ఎవరు బతకాలి, కుక్క సీను ఉంచాలా తీసెయ్యాలా అనే నిర్ణయం ఎవరి చేతిలో ఉందనేదే సినిమాలో కులం ప్రశ్న. తెరమీది బొమ్మ తర్వాతి సంగతి.

ఆ కంపెనీ నుంచే వరసగా కొత్తవాళ్ళు వచ్చారు. అతియన్ ఆదిరై 2019లో తీసిన 'ఇరండాం ఉలగపోరిన్ కడైసి గుండు' పాత ఇనప సామాను తుక్కు దుకాణాల్లో పనిచేసే కూలీల కథ. పేలకుండా మిగిలిన బాంబు ఒకటి లారీలో తిరుగుతుంటుంది, అంతకన్నా ముందు పేలేది కూలీ బతుకు. ఫ్రాంక్లిన్ జేకబ్ 2021లో తీసిన 'రైటర్'ను మన పరిశోధక విద్యార్థులందరూ చూడాలి. పోలీసుల ఆత్మహత్యల మీద పరిశోధన చేసే కుర్రాణ్ణి అక్రమంగా పట్టుకొచ్చి, కట్టుకథ కేసులో ఇరికిస్తారు. సమాచార హక్కు కింద అతను అడిగిన ప్రశ్నలే అతని నేరం. దరఖాస్తు రాసే చేతికి బేడీలు ఎలా పడతాయో అందులో ఉంది. 'సేత్తుమాన్', 'బొమ్మై నాయగి', 'జె బేబీ', 'బ్లూ స్టార్', ఇవన్నీ ఒకే స్థాయివని మేం అనం. 'బ్లూ స్టార్' క్రికెట్ మ్యాచుల్లో పడి తేలికైపోయింది. కాని బలహీనమైన సినిమా తీసే హక్కు గూడా ఇన్నాళ్ళూ ఒక వర్గానికే ఉంది గదా. వాళ్ళ సినిమా పోతే "ఈసారి కుదర్లేదు" అంటారు, మనవాడి సినిమా పోతే "వీళ్ళకు రాదు" అంటారు.

సినిమా పక్కన ఇంకో పని నడుస్తోంది. 2018 జనవరిలో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే పాటగాళ్ళ బృందం చెన్నైలో మొదటిసారి వేదికెక్కింది. గానా పాడే వాడ గొంతులూ ర్యాప్ పాడే కుర్రాళ్ళూ ఒకచోట నిలబడ్డారు. ఆ పేరు అయోతీ దాస పండితర్ నుంచి తీసుకున్నారు. తమను కులం లేని తమిళులుగా రాసుకోమని 19వ శతాబ్దం చివర్లోనే జనాభా లెక్కల ముందు చెప్పిన మనిషి ఆయన. నీలం పేరుతో పత్రిక ఉంది, ఏప్రిల్ నెలలో దళిత చరిత్ర మాసం పేరిట కళా ఉత్సవాలున్నాయి. పి.కె. రోజీ పేరున సినిమా పండగ ఉంది. మలయాళం తొలి కథానాయిక అయిన ఆ దళిత స్త్రీ నాయర్ స్త్రీ వేషం వేసిందని అగ్రకులాలు తరిమేశాయి. తమిళ దళితుల ఈ పండగ పక్క రాష్ట్రపు తొలి నటి పేరున జరగడం ఊరికే కాదు.

ఆడవాళ్ళ సంగతికొస్తే మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. 'కాలా'లో పుయల్ అనే అమ్మాయి బట్ట పోలీసులు లాగేస్తే, కిందపడ్డ బట్ట కోసం కాక కర్ర కోసం చెయ్యి చాస్తుంది. అవమానం ఎవరిదో ఆ ఒక్క కదలిక చెప్పింది. అదే సినిమాలో ఈశ్వరీరావు చేసిన సెల్వి ఇల్లాలు ముద్దొచ్చే మనిషే గాని, ఆమె లోకమంతా మొగుడే. మాలోని ఆడ స్నేహితులు దీన్ని వదలకుండా అడిగారు. 2021లో ఓటీటీలో వచ్చిన 'సార్పట్ట పరంబరై' ఎమర్జెన్సీ నాటి ఉత్తర మద్రాసు బాక్సింగ్ కథ. హార్బరులో మూటలు మోసే కబిలన్ బరిలోకి దిగుతాడు. ఆ సినిమాలో మనుషుల్ని, వీధుల్ని, చెమటను చూపిన తీరు గొప్పది. కాని మారియమ్మ బలమంతా చివరికి మొగుణ్ణి మళ్ళీ బరిలోకి పంపడానికే ఖర్చయిపోయింది. 2022 నాటి 'నట్చత్తిరం నగర్‌గిరదు'లో రెనే అనే అమ్మాయికి ఆ పరిస్థితి లేదు. పుదుచ్చేరి నాటక బృందంలో ఆమె ప్రేమిస్తుంది, వాదిస్తుంది, తనతో తప్పుగా ప్రవర్తించినవాణ్ణి బృందంలోంచి వెళ్ళగొట్టడం కాకుండా ఎదురుగా కూచోబెట్టి మాట్లాడుతుంది. ఆ ఓపిక దళిత స్త్రీ నుంచే ఎందుకు ఆశించాలని ఒకరన్నారు. ఆ అమ్మాయి భయపడకపోవడమే చాలని ఇంకొకరన్నారు. ఆ రాత్రి హాస్టల్ మెట్ల మీద ఈ వాదన తెగలేదు.

2024 ఆగస్టులో వచ్చిన 'తంగలాన్' మీద మాకు ఫిర్యాదు ఉంది. కోలార్ బంగారు గనులకు ఉత్తర ఆర్కాటు నుంచీ మన చిత్తూరు నుంచీ దళిత కూలీలు పోయారు. అంతకుముందే కన్నడంలో అదే నేల పేరు మీద వచ్చిన రెండు భారీ సినిమాలు ఆ కూలీలను హీరో వెనక గుంపుగా నిలబెట్టాయి. రంజిత్ ఆ గుంపులోంచి ఒక్కణ్ణి ముందుకు తెచ్చాడు. పంట కాలిపోయి, భూమి మిరాసీదారుకు పోయి, దొర వెంట బంగారం వెతకడానికి పోయిన మనిషి. ఆ మొదటి అరగంట ఎంత బాగుందో! తర్వాత మాయలు, పూర్వజన్మలు, బుద్ధుడి విగ్రహం, నాగజాతి, అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. చరిత్ర ఇంతుందనే ఆత్రంలో మనిషి చేజారిపోయాడు. అయోతీ దాసర్ బౌద్ధ సంఘానికి ఆ గనుల ఊళ్ళో శాఖ ఉండేది. దాన్ని నేరుగా చెప్పినా సరిపోయేది, మాయ అక్కర్లేదు.

భూమి మాట అతను తెర బయట అన్నప్పుడు ఏమైందో గూడా చూశాం. 2019 జూన్‌లో తంజావూరు జిల్లా తిరుప్పనందాళ్ సభలో, రాజరాజ చోళుడి కాలంలో దళితుల భూములు పోయాయన్నాడు. పోలీసులు కేసు పెట్టారు, ముందస్తు బెయిలుకు హైకోర్టుకు పోవాల్సి వచ్చింది. చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ నివేదిక తర్వాత 1892లో తెల్లదొరల ప్రభుత్వం ఇచ్చిన పంచమి భూములు ఎవరి చేతుల్లోకి పోయాయో అడిగితే కేసు ఉండదు, జవాబూ ఉండదు. వెయ్యేళ్ళ కిందటి రాజును అడిగితే మాత్రం కేసు.

ఇంకో కేసు గురించి గూడా రాయకపోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. 2025 జూలై 13న నాగపట్నం దగ్గర రంజిత్ 'వేట్టువం' షూటింగులో కారు స్టంటు చేస్తూ ఒక స్టంట్ కళాకారుడు చచ్చిపోయాడు. పోలీసులు పెట్టిన కేసులో దర్శకుడి పేరు గూడా ఉంది. తప్పెవరిదో తేల్చేది మేం కాదు. కాని తుక్కు దుకాణం కూలీ మీదా, హార్బరు కూలీ మీదా, గని కూలీ మీదా సినిమాలు తీసిన చోట ఒక కూలీ చచ్చిపోయాడు. కెమెరా మనవాళ్ళ చేతికొచ్చాక సెట్టు మీద పనివాడి ప్రాణానికి పూచీ ఎవరనేది గూడా మనమే అడగాలి. సవర్ణ నిర్మాతను అడిగినట్టే, అంతే గట్టిగా.

మొన్న మా డిపార్ట్‌మెంట్‌లో జూనియర్లకు 'రైటర్' వేసి చూపించాం. ముప్ఫై మంది వచ్చారు. అయిపోయాక ఒక అమ్మాయి వచ్చి, "అన్నా, కబాలి చదివే ఆ పుస్తకం తెలుగులో ఉందా" అని అడిగింది. ఉందని చెప్పి, మా గదిలోని 'మా నాయన బాలయ్య' ఇచ్చాం. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీ రెండేళ్ళుగా ఎవరి దగ్గరుందో తెలీదు.